అడవికి చిరునామా రాసిన హ్యారీ చాంపియన్

తెలుగువారికి సూరత్ అంటే ముందుగా గుర్తొచ్చేది బట్టల మార్కెట్. తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. ఆ మరమగ్గాల చప్పుడు దాటి తాపీ నది వెంట తూర్పుకు వెళితే చెరకు, అరటి తోటలు కనిపిస్తాయి. అవి అయిపోయాక మాండవి, వ్యారా, సోన్‌గఢ్ ప్రాంతాల్లో టేకు అడవి మొదలవుతుంది. అక్కడి నుంచి దక్షిణంగా డాంగ్స్ కొండలు ఎక్కేకొద్దీ టేకు మాను ఎత్తు పెరుగుతుంది, వెదురు దట్టమవుతుంది. సూరత్ నగరంలో ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన పడితే, ఆ కొండల్లో అది 2000 మిల్లీమీటర్ల దాకా వెళుతుంది.

చూసేవారికి ఇదంతా ఒకటే టేకు అడవి. అటవీ శాఖ కాగితాల్లో మాత్రం ఒకటి కాదు. వాన ఎక్కువ పడే కొండ వాలు 3బి/సి1 కింద, అంటే దక్షిణ భారత తేమ టేకు అడవి కింద నమోదవుతుంది. వాన తగ్గిన చోట అదే టేకు 5ఏ/సి1 అవుతుంది, అంటే పొడి టేకు అడవి. దేశంలోని ప్రతి అడవికీ ఇలాంటి ఒక సంకేతం ఉంది. అటవీ డివిజన్ల వర్కింగ్ ప్లాన్లలో, ఫారెస్ట్ సర్వే పటాల్లో, గని కోసమో డ్యామ్ కోసమో అడవి అడిగే దరఖాస్తుల్లో, చివరికి సుప్రీంకోర్టు ఉత్తర్వుల్లో కూడా ఈ లెక్కే నడుస్తోంది. ఒక హెక్టారు అడవిని పోగొట్టినందుకు ఎంత కట్టాలో తేల్చడంలో ఈ రకానికి పెద్ద పాత్ర ఉంది.

ఈ పద్ధతికి పునాది వేసిన వ్యక్తి సర్ హ్యారీ జార్జ్ చాంపియన్. అటవీ అధికారులకు, వృక్షశాస్త్ర విద్యార్థులకు ఆయన పేరు కంఠతా వచ్చు. సేథ్ పేరుతో కలిపి చాంపియన్ అండ్ సేథ్ అని చదువుకోని అటవీ ఉద్యోగి దేశంలో దాదాపు ఉండరు. అయితే ఆ పేరు వెనుక ఉన్న జీవితం గురించి, ఆ వర్గీకరణ వెనుక ఉన్న ఆలోచన గురించి తెలిసినవారు తక్కువ. అడవి నిలకడగా ఉండదని, ఒక దశ నుంచి మరో దశకు నడుస్తూ ఉంటుందని గుర్తించి దాన్ని సంకేతాల్లోనే ఇమిడ్చిన పద్ధతి అది. తర్వాతి కాలం ఆ పద్ధతిని అడవికి శాశ్వత కులంలా వాడుకుంది.

పురుగుల పెట్టెల మధ్య బాల్యం

హ్యారీ చాంపియన్ 1891లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తండ్రి జార్జ్ చార్లెస్ చాంపియన్ కీటక శాస్త్రజ్ఞుడు. పెంకు పురుగుల మీద ఆయనకు గొప్ప పట్టు ఉండేది. 1879 నుంచి నాలుగేళ్లపాటు గ్వాటెమాలా, పనామా అడవుల్లో తిరిగి పురుగులను సేకరించారు. మధ్య అమెరికా జీవజాతుల గురించి గాడ్మన్, సాల్విన్ వెలువరించిన బృహత్ గ్రంథమాలకు ఆ సేకరణ ఒక ప్రధాన ఆధారం. పురుగును సూదికి గుచ్చి, చీటీ మీద దొరికిన చోటు, తేదీ రాసి, పోలికలను బట్టి వరుసలో పెట్టడం ఆ ఇంట్లో రోజువారీ పని.

ఆ ఇంటి నుంచి ఇద్దరు అన్నదమ్ములు భారతదేశపు అడవుల్లోకి వచ్చారు. తమ్ముడు ఫ్రెడరిక్ వాల్టర్ చాంపియన్ కూడా అటవీ అధికారే. పులి నడిచే దారిలో తీగ కట్టి, ఆ తీగ తగలగానే కెమెరా దానంతటదే ఫొటో తీసేలా ఏర్పాటు చేసి, అడవిలో స్వేచ్ఛగా తిరిగే పులుల ఫొటోలు తీసినవాడిగా ఆయన చరిత్రలో నిలిచారు. ఆ ఫొటోల పుస్తకం 1927లో వచ్చింది. తుపాకీతో వేటాడడమే గొప్పగా చలామణి అయిన కాలంలో ఆయన కెమెరా పట్టుకున్నారు. అన్న హ్యారీ మాత్రం చెట్ల వైపు మళ్లారు. తండ్రి అలవాటు ఆయనను వదల్లేదు. కుమావూ కొండల్లో ఉద్యోగం చేస్తూ పెంకు పురుగులను సేకరించి ఇంటికి పంపేవారు. తండ్రి వాటిని పరిశీలించి కొత్త జాతులను వర్ణించేవారు.

ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలో చదువు ముగించి, 1915లో హ్యారీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌లో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. అప్పటి సంయుక్త రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతాల్లో ఆయనకు ఉద్యోగం. హిమాలయ వాలుల్లోని చీడ్ అనే పైన్ చెట్ల అడవులు ఆయన మొదటి బడి.

నిప్పు నేర్పిన పాఠం

చీడ్ అడవికి, నిప్పుకు విడదీయలేని సంబంధం ఉంది. ఎండాకాలంలో రాలిన సూది ఆకులు నేల మీద మందంగా పరుచుకుంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు, వాలంతా అంటుకుంటుంది. కొండ ప్రజలు కొత్త గడ్డి కోసం నిప్పు పెట్టడం తరాలుగా వస్తున్న అలవాటు. ప్రభుత్వం అడవులను రిజర్వు చేసి, నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. పశ్చిమ అల్మోడా డివిజన్‌లోని చీడ్ అడవుల మీద మంటల ప్రభావం గురించి చాంపియన్ 1919లో ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో వ్యాసం రాశారు. ఆ తర్వాత రెండేళ్లకే, 1921లో, అటవీ ఆంక్షలపై కుమావూ జనం కోపం మంటల రూపంలో కొండలంతా వ్యాపించింది. ఎన్నో చీడ్ అడవులు కాలిపోయాయి. నిప్పు అనేది ప్రకృతి విషయమే కాదు, రాజకీయం కూడా అని అక్కడ పనిచేసిన ఏ అధికారికైనా తెలిసి వచ్చే అనుభవం అది.

1923లో చాంపియన్ మరో వ్యాసంలో చీడ్ చెట్టుకు, అది పెరిగే నేలకు మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని పరిశీలించారు. నేల చెట్టును నిర్ణయిస్తుంది, చెట్టు తిరిగి నేలను మారుస్తుంది. మారిన నేలలో వేరే మొక్కలకు అవకాశం వస్తుంది. ఆ పరస్పర ప్రభావమే అడవి చరిత్ర. ఈ చూపు తర్వాత ఆయన చేసిన పనంతటిలో కనిపిస్తుంది.

అదే కాలంలో ఆయన పట్టుకున్న మరో చిక్కుముడి చీడ్ కలపలోని మెలిక. కొన్ని చెట్ల పీచు నిటారుగా కాక తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటుంది. అలాంటి కలప దూలానికీ పనికిరాదు, రైలు స్లీపరుకీ పనికిరాదు. కారణం నేలా, గాలా, గొడ్డలి గాయాలా, లేక విత్తనంలోనే ఆ గుణం ఉందా అన్నది ప్రశ్న. 1925లో దీనిపై ఆయన అధ్యయనం వెలువడింది. అక్కడి నుంచి అడవుల పెంపకంలో విత్తనం ఏ చెట్టు నుంచి, ఏ ప్రాంతం నుంచి వచ్చిందన్న విషయానికి ఉన్న ప్రాముఖ్యం మీద 1933లో మరో రచన వచ్చింది. మంచి చెట్లన్నీ నరికి, వంకర చెట్లను విత్తనానికి వదిలేస్తే అడవి తరతరానికీ దిగజారుతుందన్న భయం ఈ చర్చ వెనుక ఉంది.

డెహ్రాడూన్‌లో పటం తయారైన తీరు

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చాంపియన్ సిల్వికల్చరిస్టుగా పనిచేశారు. అడవిని పెంచడం, పునరుత్పత్తి చేయడం గురించిన శాస్త్రం సిల్వికల్చర్. ఆ కుర్చీలో కూర్చున్నవారి బల్ల మీదికి దేశం నలుమూలల నుంచీ సమాచారం వచ్చేది. వివిధ రాష్ట్రాల్లో గుర్తుపెట్టిన నమూనా ప్లాట్లలో ఏళ్ల తరబడి చెట్ల చుట్టుకొలతలు తీసేవారు. ఏ డివిజన్‌లో ఏ చెట్టు ఎలా మొలుస్తోందో వర్కింగ్ ప్లాన్లు చెప్పేవి. ఈ సమాచారమంతా ఒకచోట చేరాక ఒక ఇబ్బంది ఎదురవుతుంది. బొంబాయి రాష్ట్రం వాళ్లు టేకు అడవి అని రాసింది, మద్రాసు వాళ్లు అన్న టేకు అడవి, బర్మా వాళ్ల టేకు అడవి ఒకటేనా? ఒకచోట పనికొచ్చిన పద్ధతి మరోచోట వాడాలంటే ముందు రెండు అడవులూ ఒకే రకమని తేలాలి.

అంతకు ముందు ప్రయత్నాలు లేకపోలేదు. బర్మాలోని పెగూ అడవులను సుల్పిజ్ కుర్జ్ 1870వ దశకంలోనే వర్గీకరించారు. ఆర్. ఎస్. ట్రూప్ 1921లో మూడు సంపుటాల్లో భారతీయ వృక్షాల పెంపకం గురించి వివరంగా రాశారు. అయితే ట్రూప్ పుస్తకం చెట్టు చెట్టునా సాగుతుంది. చెట్లు కలిసి ఏర్పరిచే సముదాయాన్ని దేశమంతటికీ ఒకే కొలబద్దతో చూపించే పుస్తకం లేదు. 1936లో చాంపియన్ వెలువరించిన భారత, బర్మా అటవీ రకాల ప్రాథమిక సర్వే ఆ లోటు తీర్చింది. శీర్షికలోనే ప్రాథమిక అని ఉండడం గమనించాలి. ముందు ముందు సరిదిద్దుకోవలసిన పనిగానే ఆయన దాన్ని లోకం ముందు పెట్టారు.

అప్పటికి పాశ్చాత్య వృక్షశాస్త్రంలో పెద్ద వాదం నడుస్తోంది. అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1916లో మొక్కల అనుక్రమం గురించి బృహత్ గ్రంథం రాశారు. ఖాళీ నేల మీద ముందు గడ్డి, తర్వాత పొదలు, ఆపైన చెట్లు, చివరికి ఆ వాతావరణానికి తగిన స్థిరమైన అడవి వస్తుందని, అదే చరమ దశ అని ఆయన సిద్ధాంతం. 1926లో హెన్రీ గ్లీసన్ దీన్ని సవాలు చేశారు. మొక్కల సముదాయం ఒక ప్రాణిలాంటిది కాదని, ఏ జాతికి ఆ జాతి తనకు అనువైన చోట పెరుగుతుందని, మనం చూసే కలయిక చాలావరకు సందర్భవశాత్తూ ఏర్పడిందని ఆయన వాదన. చాంపియన్ వర్గీకరణ క్లెమెంట్స్ ఆలోచనకు దగ్గరగా నడిచింది. అయితే అటవీ అధికారిగా ఆయనకు గొడ్డలి, పశువు, నిప్పు గురించి బాగా తెలుసు. అందుకే ఆదర్శమైన అడవితో పాటు నిజంగా కనిపించే అడవికి కూడా తన పద్ధతిలో చోటు పెట్టారు.

సంకేతంలో దాగిన కాలం

చాంపియన్ పద్ధతిలో మొదటి అంకె వాతావరణాన్ని, అడవి రూపురేఖలను కలిపి చెబుతుంది. 1968 నాటి సవరణలో ఇలాంటి గుంపులు 16. ఒకటి ఉష్ణమండల సతతహరిత అడవి, మూడు తేమగా ఉండే ఆకురాల్చే అడవి, నాలుగు తీరప్రాంతపు మడ, చిత్తడి అడవి, ఐదు పొడి ఆకురాల్చే అడవి, ఆరు ముళ్ల అడవి, ఏడు పొడి సతతహరిత అడవి. అలా కొండలెక్కుతూ పదహారో గుంపుకు వచ్చేసరికి హిమాలయాల పైఅంచుల్లోని పొడి పొదలు వస్తాయి. అంకె పక్కనున్న ఏ, బి అక్షరాలు దక్షిణాదా ఉత్తరాదా వంటి ప్రాంతీయ భేదాలు చూపుతాయి. వీటి కింద మొత్తం రెండు వందల దాకా రకాలున్నాయి.

అసలు సంగతి గీత తర్వాత వచ్చే అక్షరంలో ఉంది. సి అని ఉంటే ఆ వాతావరణంలో అడవి చేరగల చరమ దశ. ఇ అని ఉంటే అక్కడి నేల స్వభావం వల్ల ప్రత్యేకంగా ఏర్పడినది. దక్కన్ నేలల్లో కనిపించే ఏపి చెట్ల అడవి ఇలాంటిదే. 1ఎస్ అంటే నది కొత్తగా వేసిన ఇసుక మేట లాంటి చోట తొలిసారి మొలుస్తున్న అడవి. ఏటి ఒడ్డున చండ్ర, సిస్సూ చెట్లు కలిసి పెరిగే అడవి దీనికి ఉదాహరణ. 2ఎస్ అంటే ఒకసారి నరికాకో, సాగు వదిలేశాకో మళ్లీ పెరుగుతున్న అడవి. డిఎస్ అంటే క్షీణ దశ. కొట్టుడు, మేత, మంటల వల్ల అడవి పొదలుగా, గడ్డినేలగా మిగిలిన స్థితి.

అంటే ఒక సంకేతం రాసే అధికారి ఎదుట ఏ చెట్లున్నాయో చెప్పి ఊరుకోవడం లేదు. ఈ అడవి ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోతోంది అన్నదాని మీద కూడా ఒక తీర్పు చెబుతున్నాడు. తాపీ లోయలో ఒక గుట్ట మీద మోదుగ, తునికి పొదలు మాత్రమే ఉన్నాయనుకుందాం. దాన్ని 5/డిఎస్1 అని, అంటే పొడి ఆకురాల్చే పొద అడవి అని రాస్తే, ఇక్కడ ఒకప్పుడు పెద్ద అడవి ఉండేదని, మేత ఆపి కాపాడితే మళ్లీ వస్తుందని చెప్పినట్టు. అదే గుట్టను నేల స్వభావం వల్ల అలా ఉందని రాస్తే, ఎంత కాపాడినా అది అలాగే ఉంటుందని చెప్పినట్టు. రెండు అక్షరాల తేడాతో ఆ గుట్ట మీద మేకలు కాసుకునేవాడి భవిష్యత్తు మారిపోవచ్చు.

సూరత్ టేకు అడగే ప్రశ్న

ఈ పద్ధతికి సూరత్ అడవులు మంచి పరీక్ష. ఎందుకంటే వాటి చరిత్రలో మనిషి చెయ్యి లేని రోజు దొరకదు. మొగలుల కాలంలో పశ్చిమ తీరానికి పెద్ద రేవు సూరత్. అక్కడ టేకుతో ఓడలు కట్టేవారు. ఆ విద్యలో ఆరితేరిన సూరత్ పార్సీ వడ్రంగి లౌజీ నుస్సర్వాంజీ వాడియాను 1730వ దశకంలో ఈస్టిండియా కంపెనీ బొంబాయికి పిలిపించుకుంది. బొంబాయి నౌకా నిర్మాణశాలలో ఆ కుటుంబం తరాలపాటు ఓడలు కట్టింది. ఓడలకు టేకు కావాలి, టేకుకు అడవి కావాలి. 1842లో కంపెనీ ప్రభుత్వం డాంగ్స్‌లోని భిల్లు రాజుల నుంచి అడవులను కౌలుకు తీసుకుంది. ఆ రాజుల వారసులకు ఏటా ప్రభుత్వం భరణం చెల్లించే డాంగ్ దర్బార్ ఇప్పటికీ హోలీకి ముందు ఆహ్వాలో జరుగుతుంది. 1847లో బొంబాయి రాష్ట్రానికి మొదటి అటవీ కన్సర్వేటరుగా అలెగ్జాండర్ గిబ్సన్ నియమితులయ్యారు. బిలిమోరా నుంచి వాఘాయి దాకా బరోడా గాయక్వాడ్ సంస్థానం 1913లో వేయించిన చిన్న రైలు మార్గం అడవి కలపను మైదానానికి దించింది.

మరోవైపు డాంగ్స్ గిరిజనులకు మన పోడుకు దగ్గరి చుట్టం లాంటి సాగు ఉండేది. కొమ్మలు కొట్టి నేల మీద పరిచి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో నాగ్లీ, అంటే రాగి విత్తేవారు. కొమ్మలు పోయిన చెట్లు మళ్లీ చిగురించేవి. మంటలు అడవిలోనూ పాకేవి. అడవిని రిజర్వు చేశాక ఈ సాగుకు హద్దులు పడ్డాయి. టేకు ప్రభుత్వానిది, దాన్ని నరికితే నేరం.

ఇప్పుడు ప్రశ్న. ఈ టేకు అడవి చరమ దశా? టేకుకు వెలుతురు కావాలి. దాని బెరడు నిప్పును తట్టుకుంటుంది, నరికిన మోడు బలంగా చిగురిస్తుంది. నిప్పుకు, గొడ్డలికి ఓర్చుకోలేని చెట్లు వెనకబడ్డ చోట టేకు ముందుకొస్తుంది. బర్మాలోని తేమ టేకు అడవుల్లో నిప్పును పూర్తిగా ఆపినప్పుడు టేకు మొలకలు తగ్గి, నీడను ఓర్చుకునే మొక్కలు అల్లుకుపోయాయని 20వ శతాబ్దం మొదట్లోనే అటవీ అధికారులు గమనించారు. అంటే అడవిని కాపాడుతున్నామనుకున్న పనే టేకును పోగొట్టింది. అదే నిజమైతే సూరత్ తూర్పున ఉన్న టేకు అడవిలో కొంత భాగమైనా నిప్పు, గొడ్డలి, ఆ తర్వాత అటవీ శాఖ నాటిన మొక్కలు కలిసి తయారుచేసినది. దాని సంకేతంలోని సి అనే అక్షరం ప్రకృతి నిర్ణయం అంటుంది. చరిత్ర చూస్తే ప్రకృతితో పాటు భిల్లు రైతు, ఓడ వడ్రంగి, ఫారెస్ట్ గార్డు కూడా ఆ నిర్ణయంలో పాలుపంచుకున్నారు.

చాంపియన్ ఈ చిక్కును ఎరగనివారు కాదు. చీడ్ అడవుల్లో నిప్పును చదివిన మనిషి ఆయన. సాల వృక్షం, అంటే గుగ్గిలం చెట్టు పునరుత్పత్తి గురించి 1933లో ప్రత్యేకంగా రాసినప్పుడు కూడా ఇలాంటి సమస్యే ఎదురుగా ఉంది. పెద్ద చెట్లు బాగానే ఉన్నా కింద మొలకలు నిలబడకపోతే ఆ అడవి ముందు ముందు అదే రకంగా ఉంటుందని చెప్పలేం. అందువల్లే ఆయన పుస్తకం రకాలను వర్ణిస్తూ ఒక రకం మరో రకంలోకి ఎలా మారుతుందో కూడా చెబుతూ పోతుంది.

ఆక్స్‌ఫర్డ్ నుంచి మళ్లీ భారత్ వైపు

1939లో ట్రూప్ మరణించాక ఆక్స్‌ఫర్డ్‌లో అటవీ శాస్త్ర ఆచార్య పదవి ఖాళీ అయింది. 1940లో ఆ స్థానంలోకి చాంపియన్ వచ్చారు. 1959 వరకు అక్కడే బోధించారు. ఆ మధ్యకాలంలో సామ్రాజ్యం కూలింది, భారత్, బర్మా స్వతంత్ర దేశాలయ్యాయి. 1956లో బ్రిటన్ ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

పదవీ విరమణ చేసినా 1936 నాటి ప్రాథమిక సర్వేను ఆయన మరిచిపోలేదు. భారతీయ అటవీ శాస్త్రజ్ఞుడు ఎస్. కె. సేథ్‌తో కలిసి దాన్ని తిరగరాశారు. సవరించిన సర్వే 1968లో ఢిల్లీ నుంచి ప్రభుత్వ ప్రచురణగా వెలువడింది. అప్పటికి చాంపియన్ వయసు 77కు చేరువైంది. బర్మా తప్పుకుంది, స్వతంత్ర భారతదేశపు సరిహద్దులే హద్దులయ్యాయి. మూడు దశాబ్దాల్లో పోగైన కొత్త సమాచారం చేరింది. వలస ప్రభుత్వపు అధికారి మొదలుపెట్టిన పనిని స్వతంత్ర దేశపు అధికారితో కలిసి పూర్తి చేయడం ఆయన జీవితంలో ఒక అరుదైన ఘట్టం. ఇద్దరి పేర్లూ అప్పటి నుంచి జంటగానే నిలిచిపోయాయి.

అందులో తెలుగు నేల అడవులన్నిటికీ చిరునామాలున్నాయి. శేషాచలం, పాలకొండల్లోని ఎర్రచందనం అడవికి విడిగా 5ఏ/సి2 అనే గుర్తింపు దక్కింది. నల్లమలలో ఎక్కువ భాగం పొడి ఆకురాల్చే గుంపులోకి వస్తుంది. కోరింగ మడ అడవులు నాలుగో గుంపు. శ్రీహరికోటలో పాల, అల్లి, నేరేడు చెట్లతో ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవి ఏడో గుంపుది. తూర్పు తీరం వెంట సన్నని ముక్కలుగా మిగిలిన పొడి సతతహరిత అడవి అది. రాకెట్ కేంద్రం కంచె లోపల ఉండడం వల్ల అక్కడ కొంత భద్రంగా ఉంది.

చీటీకి ధర కట్టిన కాలం

చాంపియన్ 1979లో మరణించారు. సూరత్‌కు దక్షిణాన, డాంగ్స్ అంచున ఉన్న వాంస్దా అడవిని జాతీయ ఉద్యానవనంగా చేసిందీ ఆ ఏడాదే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆయన వర్గీకరణ ఆయన ఊహించి ఉండని పనికి ఉపయోగపడింది.

1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో దేశంలో అడవి అనే మాటకు అర్థం విస్తరించింది. అటవీ భూమిని వేరే పనికి మళ్లించేవారు ఆ అడవి ఇచ్చే ప్రయోజనాల విలువ కట్టాలన్న నియమం వచ్చింది. ఆ విలువ ఎంత? 2008 మార్చి 28న కోర్టు ఆమోదించిన లెక్కలో చాంపియన్, సేథ్‌ల 16 గుంపులను ఆరు తరగతులుగా మార్చారు. మూడో గుంపు, అంటే తేమ ఆకురాల్చే అడవి, సతతహరిత అడవులతో కలిసి మొదటి తరగతిలో పడింది. బాగా దట్టంగా ఉంటే హెక్టారుకు 10.43 లక్షల రూపాయలు. ఐదో గుంపు, పొడి ఆకురాల్చే అడవి, మూడో తరగతి. అంతే దట్టంగా ఉన్నా 8.87 లక్షలు. ముళ్ల అడవి పలచగా ఉంటే 4.38 లక్షలు. రేట్లు తర్వాత సవరించారు. కానీ అడవి రకాన్ని బట్టి ధర అనే సూత్రం అలా పాతుకుపోయింది.

దీని అర్థం సూరత్ తూర్పున స్పష్టంగా కనిపిస్తుంది. వాన క్రమంగా తగ్గుతూ పోయే వాలు మీద తేమ టేకు ఎక్కడ ముగిసి పొడి టేకు ఎక్కడ మొదలవుతుందో నేల మీద గీత ఉండదు. మంచి వానల దశాబ్దంలో ఒకలా, కరువు దశాబ్దంలో మరోలా కనిపిస్తుంది. పటంలో మాత్రం గీత ఉంటుంది. 2008 లెక్కలో ఆ గీతకు అటూ ఇటూ హెక్టారుకు లక్షన్నర తేడా ఉండేది. చాంపియన్ ఆ గీతను అటవీ అధికారి అధ్యయనానికి గీశారు. తర్వాతివారు దాని మీద ధరల పట్టిక వేలాడదీశారు.

మరో విచిత్రం శ్రీహరికోటది. దేశంలోనే అతి తక్కువగా మిగిలిన పొడి సతతహరిత అడవిని ఆ లెక్కలో ముళ్ల అడవితో కలిపి అన్నిటికంటే చవకైన తరగతిలో వేశారు. అరుదైనదానికి విలువ ఎక్కువ అన్న మామూలు లెక్క అక్కడ పనిచేయలేదు.

క్షీణ దశ అన్న మాట చేసిన నష్టం ఇంకా పెద్దదని కొందరు పర్యావరణ శాస్త్రజ్ఞులు కొంతకాలంగా వాదిస్తున్నారు. దక్కన్‌లో, పశ్చిమ భారతంలో చెట్లు పలచగా ఉండే గడ్డినేలలు చాలావరకు పాడైపోయిన అడవులు కావని, మనిషి గొడ్డలి పట్టక ముందు నుంచీ అక్కడ ఉన్న సహజ సవన్నాలని వారు చూపుతున్నారు. డిఎస్ అన్న ముద్ర పడగానే అటవీ శాఖ అక్కడ చెట్లు నాటడానికి పూనుకుంటుంది. లేదంటే పనికిరాని భూమి కింద సౌర ఫలకాలకు ఇస్తారు. రెండు విధాలా నష్టపోయేది గడ్డినేల మీదే బతికే జీవాలు, పశువుల కాపరులు. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు బట్టమేక పక్షికి, సూరత్‌కు ఎదురుగా ఖంభాత్ సింధుశాఖ అవతల వేలావదర్ కృష్ణజింకకు కావలసింది నీడనిచ్చే చెట్టు కాదు, గడ్డి.

ఈ విమర్శ చాంపియన్ పద్ధతి మీదే. ప్రతి వాతావరణానికీ ఒక చరమ అడవి ఉంటుందని, దానికి తక్కువగా ఉన్నదంతా లోటేనని భావించిన తరం ఆయనది. కలప లెక్క ఆ తరం చూపులో కలిసిపోయి ఉంది. చెట్టున్న నేల మెరుగైనది, గడ్డి మాత్రమే ఉన్న నేల పోగొట్టుకున్నది అన్న తూకం అందులో దాగుంది. ఆ తప్పును దాచి ఆయనను కీర్తించనక్కర్లేదు. అయితే ఆ తప్పును పట్టుకోవడానికి కావలసిన సాధనం కూడా ఆయన ఇచ్చిందే. ఏ గడ్డినేలను క్షీణ దశగా రాశారు, ఏ ఆధారంతో రాశారు అని తిరిగి ప్రశ్నించగలుగుతున్నామంటే ప్రతి చోటికీ ఒక రాత ఉండబట్టే.

ఆయన తండ్రి పెంకు పురుగుకు రాసిన చీటీ మారదు. పెట్టెలోని పురుగు మరణించింది. కొడుకు చీటీలు రాసిన అడవి మాత్రం బతికే ఉంది. తాపీ మీద ఉకాయ్ జలాశయం వచ్చి కొంత అడవి మునిగింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చి, సాగు చేసుకుంటున్న గిరిజనులకు హక్కు పత్రాల దారి తెరిచింది. వాన తీరు మారుతోంది. 1936లో ప్రాథమిక అని రాసి, 32 ఏళ్ల తర్వాత తన పుస్తకాన్ని తానే సవరించిన మనిషి బతికి ఉంటే చేసే మొదటి పని ఊహించడం కష్టం కాదు. వ్యారా అడవిలోకి వెళ్లి, టేకు కింద ఏ మొలకలు లేస్తున్నాయో వంగి చూసేవారు.